రెండో దెబ్బ

మొయినాబాద్
8 సెప్టెంబరు 2024

అన్నకు,

వందనాలు. ఫోన్లో చెప్పలేనివి కాగితం మీద రాద్దామని కూర్చున్నాను. జైలు నుంచి మాట్లాడటానికి నీకిచ్చే అయిదు నిమిషాలూ అవ్వ ఏడవడానికే సరిపోతున్నాయి. కన్నకొడుకు గొంతు వింటే ఏ తల్లికైనా అంతే. ఫోను నా చేతికి వచ్చేసరికి లైను కట్ చేస్తున్నారు.

కేసు గురించి ఒక్క ముక్క కూడా రాయవద్దని వకీలు సారు గట్టిగా చెప్పారు. ఉత్తరాలు అక్కడి ఆఫీసులో విప్పి చదువుతారట. అందుకని జనవరిలో మన చేవెళ్ల పొలంలో జరిగినదాన్ని రాయడం లేదు. ఎల్లేశ్‌కు మాత్రం పోయిన నెల మోకాలి కింద కాలు తీసేశారు. ఇది కేసు కాదు, కబురు. ఏడు నెలలు రాడ్లు వేసి చూశారు. ఎముకకు చీము పట్టింది. మన పొలం చుట్టూ రాతి కడీలు పాతి ముళ్ళతీగ కట్టడానికి కూలికి వచ్చిన మనిషి ఇప్పుడు చంక కర్రల మీద నడుస్తున్నాడు. ఆ పొలం తనదని కాగితాలు చూపించి అతన్ని పంపిన ఫామ్‌హౌస్ ఆసామి ఒక్కసారి కూడా దవాఖానకు రాలేదని విన్నాను.

ఇక నా సంగతి. నువ్వెప్పుడూ నా పనేమిటో అడగలేదు. ఎవరైనా అడిగితే 'మా చెల్లె టీవీల కార్టూన్లు గీస్తది' అని చెప్పేసేవాడివి. మా స్టూడియో రోడ్డు పక్కన టైల్స్ గోదాము మీద రెండో అంతస్తులో ఉంది. ముప్పై ఎనిమిది మందిమి. తెర మీద రంగులు సరిగ్గా కనబడాలని కిటికీలకు నల్ల కాగితం అంటించారు. లోపల ఎప్పుడూ ఒకటే వెలుతురు. మేము చేసేది 'జంబు పహిల్వాన్'. కుస్తీలు పట్టే ఎలుగుబంటి పిల్ల కథ. కథ ఎవరో రాస్తారు, గొంతు ఇంకెవరో ఇస్తారు. బొమ్మను కదిలించడం మా పని. సెకండుకు ఇరవై అయిదు బొమ్మలు. దెబ్బ ఎన్నో బొమ్మ దగ్గర తగలాలి, తిన్నవాడు ఎన్ని బొమ్మల సేపు గాల్లో ఉండాలి, ఎన్నో బొమ్మకు నేలను తాకాలి, ఇవన్నీ నేను చూసుకుంటాను. ఎపిసోడుకు మూడు కొట్లాటలు తప్పనిసరి. మా డైరెక్టరు సాయిచంద్ సార్ వాటినన్నిటినీ నా బల్ల మీదికే తోస్తాడు. 'కొట్టేది నీకే ఒప్పుతది ఎస్తేర్' అంటాడు.

ఛానెల్ వాళ్ళిచ్చిన నిబంధనల కాగితం నా ముందు గోడకు అంటించి ఉంటుంది. నెత్తురు కనబడకూడదు. కత్తులు, గొడ్డళ్ళు రాకూడదు. దెబ్బ తగిలే చోట తెల్లటి మెరుపు పెట్టాలి. పడ్డవాడు అదే సీనులో లేచి నిలబడాలి. జనవరి నుంచి ఆ చివరి మాట దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి ఆగిపోతోంది.

అక్కడ టీవీ ఉందట కదా. సాయంత్రం అయిదున్నరకు వస్తుంది. వీలైతే చూడు.

నీ చెల్లె
ఎస్తేర్


జైలు నుంచి
29 సెప్టెంబరు 2024

చెల్లె ఎస్తేర్‌కు అన్న జయరాజ్ రాస్తున్నది. ఇక్కడ నేను బతికే ఉన్నాను. అక్కడ నువ్వూ అవ్వా బాగున్నారని తలుస్తాను.

నీ ఉత్తరం విప్పే ఇచ్చారు. చదివిన వార్డరు 'గా ఎలుగుబంటిని మీ చెల్లె గీస్తదా' అని అడిగాడు. అవునన్నాను. అప్పటినుంచి బ్యారక్‌లో అందరూ నన్ను జంబు అని పిలుస్తున్నారు.

సాయంత్రం మమ్మల్ని లెక్కపెట్టి లోపల వేసి తాళం పెట్టాక టీవీ పెడతారు. డెబ్బై మందిమి కింద కూర్చుని చూస్తాం. పెళ్ళాన్ని నరికి వచ్చినవాడు ఒకడున్నాడు. జంబు తోడేలును గిరగిరా తిప్పి విసిరేస్తే అందరికంటే గట్టిగా నవ్వేది వాడే.

ఒకటి చెప్తాను, మనసుకు పెట్టుకోకు. నువ్వు గీసినట్టు మనిషి పడడు. భుజం మీద బలంగా తగిలితే వెల్లకిలా ఎగరడు. ముందు కొట్టినవాడి ముఖం చూస్తాడు. వీడేనా నన్ను కొట్టింది అన్నట్టు చూస్తాడు. తర్వాత నడిచి నడిచి అలిసిపోయినవాడిలా నేల మీద కూర్చుంటాడు. అరుపు ఆ తర్వాత వస్తుంది.

పోయిన వారం స్నానాల దగ్గర బకెట్టు కోసం ఇద్దరు కొట్టుకున్నారు. ఒకడు అన్నం ప్లేటు అంచును బండకు అరగదీసి పెట్టుకున్నాడు. దానితో రెండోవాడి చెంప చీరాడు. లోపలి పళ్ళు బయటికి కనబడ్డాయి. నేను పక్కనే ముఖం కడుక్కుంటున్నాను. వార్డర్లు వచ్చి ఎవరు కొట్టారని అడగకుండా దొరికినవాళ్ళనందరినీ లాఠీలతో బాదారు. నా వీపు మీద మూడు చారలు తేలాయి. అవ్వకు చెప్పకు.

వకీలు రాయొద్దన్నాడు సరే, ఒక్క మాట రాస్తాను. ఎవరు చదివినా నాకు భయం లేదు. ఆ రోజు 108కి ఫోను చేసింది నువ్వు కనుక పోలీసులు నిన్ను సాక్షిగా రాసుకున్నారు. 'ఎండ కండ్లల్ల పడ్డది, సరిగ్గ కనబడలే' అని నీతో చెప్పిస్తానని వకీలు అంటున్నాడు. ఆ మాట వినకు. ఎండ గిండ అనకు. చూసింది చూసినట్టు చెప్పు.

అన్న
జయరాజ్


మొయినాబాద్
20 అక్టోబరు 2024

అన్నకు,

వందనాలు. అవ్వ బాగానే ఉంది. క్యారెట్లు తవ్వే కూలికి పోవద్దంటే వినడం లేదు. ఇంట్లో కూర్చుంటే తలుపు వైపే చూడాల్సి వస్తోందట. మన పెద్దమ్మ కొడుకు ఆనంద్ బాబు ప్రతి ఆదివారం ఆటో తెచ్చి ఆమెను చర్చికి తీసుకుపోతున్నాడు. మందులు కూడా వాడే తెస్తున్నాడు. నిన్ను తలుచుకుని వాడు ఏడవని రోజు లేదు. పోతూ పోతూ నాతో 'అన్న బయటికొస్తడు. నువ్వు జర నోరు అదుపుల పెట్టుకుంటే చాలు' అన్నాడు.

నువ్వు చెప్పినట్టే తోడేలును గీశాను. జంబు ఇసుక సంచితో దాని భుజం మీద కొడతాడు. తోడేలు ఎగరదు. అరసెకండు జంబు ముఖం వైపు చూస్తుంది. తర్వాత కూర్చుంటుంది. సాయిచంద్ సార్ దాన్ని మూడుసార్లు తిప్పి చూశాడు. వెనక నుంచి మరో నలుగురు వచ్చి నిలబడ్డారు. ఎవరూ నవ్వలేదు. 'ఇది యాడ చూసినవ్' అని మెల్లగా అడిగాడు. ఛానెల్‌కు పంపితే రెండో రోజుకే తిరిగొచ్చింది. పిల్లలు జడుసుకుంటారు, తోడేలు చూపు తీసేయండని రాశారు. తీసేసి, మళ్ళీ వెల్లకిలా ఎగరేశాను. తల చుట్టూ చుక్కలు కూడా పెట్టాను.

అన్నా, నీ ఉత్తరంలోని ఆఖరి మాటను ఎన్నిసార్లు చదివానో నాకే తెలియదు. అది తొందరలో రాసిన మాటా, ఆలోచించి రాసిన మాటా? నేను చూసింది చూసినట్టు చెబితే ఏమవుతుందో తెలిసే అంటున్నావా? వకీలు సారు చెప్పమన్నది తేలిక. నీ మాట అంత తేలిక కాదు. ఇంకొక్కసారి రాయి. నువ్వు రాసినట్టే చేస్తాను.

ఎస్తేర్


జైలు నుంచి
10 నవంబరు 2024

చెల్లె ఎస్తేర్‌కు,

తెలిసే అంటున్నాను. ఇంత అడగాలా? ఇక్కడికి ఆదివారాలు ఒక పాస్టరు గారు వస్తున్నారు. నిజం చెప్పినచోటే మనిషికి విడుదల ఉందని మొన్న చెప్పారు. అది నా కోసమే చెప్పినట్టు అనిపించింది. ఆ రాత్రి చాలా రోజులకు నిద్ర పట్టింది.

నిన్ను చిన్నప్పుడు బాపు పొలానికి తీసుకుపోతే గట్టు మీద కూర్చుని పుల్లతో మట్టిలో ఎద్దులను గీసేదానివి. ఏ ఎద్దు ఏ కాలు ముందు వేస్తుందో నువ్వు చెప్పేదాకా మాకెవరికీ తెలిసేది కాదు. నీ కన్ను అటువంటిది. జడ్జి నీ మాట నమ్ముతాడు. దేవుని ముందు నిలబడ్డట్టే నిలబడి చెప్పు. ఎవరికీ భయపడకు, నాకు కూడా.

టీవీలో తోడేలు మళ్ళీ పాత పద్ధతిలోనే పడింది. నవ్వుకున్నాను.

అన్న
జయరాజ్


మొయినాబాద్
19 మార్చి 2025

అన్నకు,

వందనాలు. రేపు నన్ను కోర్టులో పిలుస్తారు. ఈ ఉత్తరం నీకు అందేసరికి అది అయిపోయి ఉంటుంది. నువ్వు అక్కడే నిలబడి వింటావు కనుక కొత్తగా చెప్పేదేమీ ఉండదు. వకీలు సారు ఈ సాయంత్రం కూడా ఫోను చేసి ఎండ సంగతి గుర్తు చేశారు. సరేనని అనలేదు, కాదని అనలేదు.

ఆదివారం ఎల్లేశ్ ఇంటికి వెళ్ళాను. ఎవరికీ చెప్పలేదు. అతను మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు, ఇటు తిరగలేదు. అతని భార్య మంజుల చాయ్ ఇచ్చింది. నేను తాగేదాకా నిలబడే ఉంది. 'ఎందుకొచ్చినవమ్మా' అని ఒక్క మాట అడిగింది. క్షమించమని అడగడానికి అని చెప్పాను. ఆమె కప్పు తీసుకుని లోపలికి పోయింది.

నీకంత ధైర్యం వచ్చినందుకు నాకు గర్వంగా ఉంది. నీ మాట మీదే వెళ్తున్నాను.

ఎస్తేర్


జైలు నుంచి
30 మార్చి 2025

ఎస్తేర్,

చెల్లె అని రాయనీకి చెయ్యి వస్తలేదు.

నా ముంగట నిలబడి ఏం చెప్పినవో నీకు ఎరుకేనా. రెండు దెబ్బలంటివి. మొదటి దెబ్బకు మనిషి కింద కూసున్నంక నాలుగు సెకండ్లు ఆగి రెండోది కాలు మీద కొట్టిండంటివి. నాలుగు సెకండ్లని ఎట్ల తెలుసమ్మా అని జడ్జి అడిగితే, నా పనే అది సార్ అంటివి. కోర్టంత నిన్నే చూసింది. నేను తల ఎత్తలే.

ఒక్కటే దెబ్బ. వాడు అవ్వను నెట్టిండు, అవ్వ పడ్డది, నేను కొట్టిన. కన్ను మూసి తెరిచేలోపల అయిపోయింది. రెండోది యాడికెల్లి తెచ్చినవ్. నువ్వు అవ్వను నెట్టింది చెప్తవని నేను ఎదురు చూసిన. దానికోసమే చూసింది చూసినట్టు చెప్పుమన్న. నువ్వేమో ఎవ్వడు నెట్టలేదంటివి.

కోర్టు అయినంక మూడు రోజులకు నీ ఉత్తరం ఇచ్చిన్రు. వాని ఇంట్ల చాయ్ తాగినవట. గర్వంగ ఉన్నదట. ముందుగాల వాళ్ళ దిక్కు పోయి, కోర్టుల నన్ను ముంచి, పైకెల్లి ఎక్కిరిస్తున్నవా.

మొన్న ఒకడు 'జంబూ, నీ చెల్లె నిన్నే మంచిగ బొమ్మ గీసింది' అన్నడు. వాని తల పట్టి నల్లా గద్దెకేసి కొట్టిన. తొమ్మిది కుట్లు పడ్డయ్. నన్ను ఒంటరి గదిల ఏస్తున్నరు. రెండు నెలలు ములాఖత్ బందు, ఫోను బందు.

నీ చెయ్యి పడిపోవాలె. ఇగ రాయకు. రాసినా చదవ.

జయరాజ్


మొయినాబాద్
6 ఏప్రిల్ 2025

అన్నకు,

చదవనన్నావు. అయినా రాస్తాను. కోర్టులో అడిగినదానికే జవాబు చెప్పనిచ్చారు. నీకు మొత్తం చెప్పాలి. వకీలు సారు ఇక నాతో మాట్లాడటం లేదు కనుక రాయవద్దనేవాళ్ళు కూడా లేరు.

పొద్దున పది దాటింది. వాళ్ళు పాతిన కడీని అవ్వ రెండు చేతులతో పట్టుకుని, దీన్ని పీకేదాకా కదలనని నిలబడింది. ఎల్లేశ్ ఆమెకు పది అడుగుల దూరంలో ముళ్ళతీగ చుట్టను లాగుతున్నాడు. తీగ కొస జారి కొరడాలా వెనక్కి కొట్టింది. అవ్వ తప్పుకోబోయి పడింది. ఎల్లేశ్ చుట్ట వదిలేసి పరుగెత్తి వచ్చి ఆమెను లేపడానికి వంగాడు. నువ్వు బోరు దగ్గర నుంచి అప్పుడే వచ్చావు. నీకు కనబడింది పడి ఉన్న అవ్వ, ఆమె మీదికి వంగిన మనిషి. గుంత పక్కన ఉన్న గడ్డపార తీసుకున్నావు.

మొదటి దెబ్బ ఎడమ భుజం మీద. పచ్చి కట్టె విరిగినట్టు చప్పుడు వచ్చింది. అతను నీ ముఖం చూశాడు. తర్వాత కూర్చున్నాడు. నువ్వు రాసినట్టే కూర్చున్నాడు. కానీ అరవలేదు. రెండు కాళ్ళూ ముందుకు చాపుకుని 'అన్నా, నేను లేపుతున్ననే' అన్నాడు. నువ్వు గడ్డపారను రెండు చేతులతో ఎత్తి పట్టుకుని ఆగిపోయావు. అవ్వ కింద నుంచే 'వద్దు కొడుకా' అంది. అప్పుడు నువ్వు తల తిప్పి నన్ను చూశావు. నేను గట్టు మీద ఉన్నాను. వద్దు వద్దని తల ఊపాను. నువ్వు నా కళ్ళలోకే చూస్తున్నావు. అదే నాలుగు సెకండ్లు. తర్వాత అటు తిరిగి కాలు మీద వేశావు. గడ్డపార మొన ఎముక దాటి మట్టిలో దిగింది. నువ్వు దాన్ని ఊపి పీకావు. అరుపు అప్పుడు వచ్చింది.

నాలుగు సెకండ్లంటే నాకు వంద బొమ్మలు. పోయిన ఏడాది నుంచి ఆ వంద బొమ్మలూ రోజూ చూస్తున్నాను. ఒక్క బొమ్మ కూడా తగ్గలేదు.

నువ్వు రెండుసార్లు రాశావు. రెండుసార్లూ నువ్వు చేసింది ఒప్పుకోవడానికి సిద్ధపడ్డావనుకున్నాను. నీకు అసలు గుర్తే లేదని నాకు తట్టలేదు. అంతవరకు నా పొరపాటే. ఆ సంగతి ముందే తెలిసి ఉంటే కోర్టులో వేరేగా చెప్పేదాన్నా? అలా చెప్పేదాన్నని నీకు అబద్ధం రాయలేను.

వాళ్ళ దిక్కు పోలేదు. నేను నిన్ను ఆపలేకపోయాను, అందుకు వెళ్ళాను.

ఎస్తేర్


మొయినాబాద్
15 జూన్ 2025

అన్నకు,

నీ దగ్గర నుంచి జవాబు లేదు. రాత ఇలా పిల్లల రాతలా ఉందని చూడకు. బస్సులో రాస్తున్నాను, రోడ్డు వెడల్పు చేస్తున్నారు, అంతా గుంతలే. అవ్వకు జ్వరం వచ్చి తగ్గింది. నేను బాగానే ఉన్నాను. స్టూడియోలో నాకు ఇప్పుడు గీసే పని తగ్గించి, మిగతావాళ్ళు గీసినవాటిలో తప్పులు పట్టే పని ఇచ్చారు. కొట్లాటలు వేరే అమ్మాయి చేస్తోంది. ఆనంద్ బాబు ఈ మధ్య ఇంటికి రావడం లేదు.

ఇంతకంటే ఏమీ లేదు. ఒంటి మీద జాగ్రత్త.

ఎస్తేర్


జైలు నుంచి
20 జులై 2025

చెల్లెకు,

నీ రెండు ఉత్తరాలూ చింపలేదు. చదవలేదు కూడా. చాప కింద పెట్టాను. పోయిన శనివారం తీసి చదివాను. ఎందుకు తీశానో రాస్తాను.

శనివారం ఆనంద్ బాబు ములాఖత్‌కు వచ్చాడు. మార్చి తర్వాత వాణ్ణి చూడటం అదే. జాలీ అవతల కూర్చుని, అటూ ఇటూ చూసి 'నువ్వన్న పని మే నెలలనే అయిపోయిందన్నా' అన్నాడు. ఏ పని అని అడిగాను. 'ఆటోల టైరు ఇప్పే పానా ఉంటది గదా. దాంతోని మూడు ఏసిన. ఇగ గీయది' అన్నాడు. పండుగకు బట్టలు తెచ్చినవాడి ముఖంలా ఉంది వాడి ముఖం. నీకు అట్లా చెప్పిందెవర్రా అన్నాను. వాడు బిత్తరపోయాడు. 'కోర్టైన మూడో దినం నువ్వే అన్నవ్. జాలీ పట్టుకొని అన్నవ్. ఆ బొమ్మలేసే చెయ్యి ఇరగ్గొట్టుమని. వద్దనుకుంటే ఆ రోజే చెప్పకపోయినవా' అన్నాడు.

నాకు గుర్తు లేదు, చెల్లె. వాడు అబద్ధమాడుతున్నాడనే అనుకున్నాను. లేచి జాలీని తన్నాను. ఇద్దరు వార్డర్లు నన్ను ఈడ్చుకుపోయారు. బ్యారక్‌లో పడ్డాక ఆలోచిస్తే ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయాను. నాకు గుర్తు లేదు. రెండో దెబ్బ గురించి కూడా నేను నీకు అదే అన్నాను. ఒక్కటే కొట్టానని దేవుని మీద ఒట్టు వేసేవాణ్ణి. వీడికి చెప్పలేదని కూడా అట్లాగే ఒట్టు వేసేవాణ్ణి. మార్చిలో ఆ రోజు నా పక్క కిటికీలో ములాఖత్‌కు వచ్చిన బీరయ్య తాత ఉన్నాడు, మా బ్యారకే. పోయి అడిగాను. 'అన్నవ్ బిడ్డా. నేను ఇన్న. కోపంల అన్నవనుకున్న' అన్నాడు.

అప్పుడు చాప ఎత్తి నీ ఉత్తరాలు తీశాను. వంకర రాత ఉన్నదాన్ని ముందు చదివాను. అది ఏ బస్సులో రాసిందో అర్థమైంది. తర్వాత ఏప్రిల్‌ది చదివాను. నువ్వు తల ఊపావని రాసినచోట ఆగి మళ్ళీ చదివాను. ఊపావు. నెత్తికి పచ్చ స్కార్ఫు కట్టుకున్నావు, దాని ముడి ఊడి భుజం మీద పడింది. నువ్వు ఆ సంగతి రాయలేదు. నేను చూశాను కనుకే నాకు తెలిసింది. చూసి కూడా కొట్టాను. వాడు అవ్వను నెట్టాడన్న కోపం నాకు అప్పటికే అయిపోయింది. రెండోది ఎందుకు కొట్టానో రాయమంటే రాయలేను. చేతిలో గడ్డపార ఎత్తి ఉంది, అందరూ నన్ను చూస్తున్నారు, దించడం నామోషీ అనిపించింది. అంతే కావచ్చు. అంతకంటే పెద్ద కారణం దొరకడం లేదు.

గురువారం కోర్టుకు తీసుకుపోయారు. జడ్జి ఒక్కో సాక్షి చెప్పింది చదివి ఏమంటావని అడిగారు. అన్నిటికీ అబద్ధం అనాలని వకీలు నేర్పాడు. నీ దగ్గరికి వచ్చినప్పుడు 'మా చెల్లె చెప్పింది నిజం సార్' అన్నాను. వకీలు ఫైలు మూసి బల్ల మీద పెట్టాడు.

ఇప్పుడు నువ్వు స్టేషనుకు పో. ఆనంద్ పేరు రాసి ఇయ్యి. పెద్దమ్మ వచ్చి కాళ్ళ మీద పడుతుంది. ఇంటి పరువు అంటారు. వినకు. వాడి పేరు పైన నా పేరు రాయి. చెప్పింది నేను. ఈసారి తెలిసే రాస్తున్నాను.

జయరాజ్


మొయినాబాద్
7 సెప్టెంబరు 2025

అన్నకు,

వందనాలు. ఇది కూడా ఎడమ చేత్తోనే రాస్తున్నాను. మూడు రోజులు పట్టింది.

ఏడేళ్ళ శిక్ష చదివినప్పుడు నేను వెనక బెంచీలో ఉన్నాను. నువ్వు తిరిగి చూస్తావనుకున్నాను. చూడలేదు. ఎల్లేశ్ కూడా వచ్చాడు. ఏడేళ్ళన్నాక తన కర్రలు సర్దుకుని, మంజుల భుజం పట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా మెట్లు దిగాడు.

నువ్వు అడగలేదు కానీ మే నెల సంగతి నీకు తెలియాలి. ఆదివారం చర్చి అయ్యాక ఆనంద్ అవ్వను ఇంటి దగ్గర దింపాడు. ఆమె లోపల బట్టలు మార్చుకుంటోంది. నేను వాకిట్లో బట్టలు ఆరేస్తున్నాను. వాడు ఆటో వెనక నుంచి పానా తీసుకుని వచ్చి, నా చెయ్యి పట్టుకుని చెప్పులు విడిచే గట్టు మీద ఆనించాడు. మొదటి దెబ్బకు నేను వాడి ముఖం చూశాను. వాడు ఏడుస్తున్నాడు. ఏడుస్తూనే మిగతా రెండూ వేశాడు. 'అన్న చెప్పిండు' అన్నాడు. అందుకే నీకు నా చేతి సంగతి రాయబుద్ధి కాక బస్సని రాశాను. నువ్వు చెప్పావని నాకు ఆ రోజే తెలుసు. నువ్వు తెలిసే చెప్పావనుకున్నాను. నీకు ఉత్తరం రాస్తూ కూడా అదే అనుకున్నాను. అవ్వ బయటికి వచ్చేసరికి గట్టు మీద నెత్తురు, నా వేళ్ళు వెనక్కి తిరిగి ఉన్నాయి. జారిపడ్డానని దవాఖానలో చెప్పించింది. నేను కాదనలేదు. ఒకసారి నిజం చెప్పినందుకు ఇది జరిగింది, రెండోసారి చెప్పే బలం లేకపోయింది.

నీ ఉత్తరం వచ్చాక కూడా నెల రోజుల దాకా స్టేషనుకు పోలేదు. తీర్పు అయిన మూడో రోజున పోయాను. పెద్దమ్మ నువ్వన్నట్టే వచ్చి కాళ్ళు పట్టుకుంది. 'ఒకడు లోపల ఉన్నడు, ఇంకొకణ్ణి గూడ పంపుతవా' అంది. ఆమె చేతులు విడిపించుకుని నడిచాను. అవ్వ వెనకే వచ్చింది. ఆపడానికి వస్తోందో తోడు వస్తోందో అడగలేదు.

ఎస్సై చదువుకున్నవాడే. మొత్తం విని, 'ఆనంద్ బాబుది సరే అమ్మా. మీ అన్న పేరెందుకు? ఆయనకు శిక్ష పడ్డది గదా. ఇది గూడ పెడితే ఇంకిన్ని ఏండ్లు పడొచ్చు. మళ్ళ ఆలోచించుకో' అన్నాడు. నీ ఉత్తరం తీసి బల్ల మీద పెట్టాను. స్టేషను రైటరు రాస్తానన్నాడు. వద్దని నేనే రాశాను. ఎడమ చేత్తో ఒక పేజీకి గంటన్నర పట్టింది. పక్క బెంచీ మీద అవ్వ కూర్చుంది. నీ పేరు దగ్గరికి వచ్చినప్పుడు 'బిడ్డా, ఆ ఒక్కటి ఇడిసిపెట్టు. నీకు మొక్కుతా' అంది. నేను పెన్ను ఎత్తాను. చాలాసేపు ఎత్తే పట్టుకున్నాను. ఎస్సై ఫ్యాను స్పీడు పెంచాడు. తర్వాత రాశాను. ముందు నీ పేరు, దాని కింద వాడి పేరు. సాక్షిగా వేలిముద్ర వేస్తావా అని ఎస్సై అడిగితే, అవ్వ వేసింది.

ఇంటికి వచ్చాక అవ్వ నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం కలిపి నోట్లో పెట్టింది.

వాణ్ణి నిన్న పట్టుకుపోయారు. నీ దగ్గరికి కూడా త్వరలో వస్తారు.

డాక్టరు చిటికెన వేలూ దాని పక్కదీ ఇక ముడుచుకోవన్నాడు. మిగతా మూడింటితో గీయవచ్చా అని అడిగితే, గీసి చూడమన్నాడు. ఇంకా చూడలేదు.

నువ్వు నిజం ఒప్పుకున్నంత మాత్రాన నా కోపం పోలేదు. పోతుందో లేదో తెలియదు. వచ్చే శనివారం ములాఖత్‌కు పేరు రాయించాను. అవ్వ రానంది, నేనొక్కదాన్నే వస్తాను. జాలీ దగ్గర కూర్చున్నాక ఏమీ చెప్పడం మొదలుపెట్టకు. ముందు నువ్వు నా చెయ్యి చూడాలి.

ఎస్తేర్